బొట్టుచేపకు పుండు పడింది

పెరట్లో కోయి కొలను కట్టుకునే ఇళ్లు మన నగరాల్లో పెరుగుతున్నాయి. ఆ చేపలకు జబ్బు చేస్తే ఏం చేయాలో తెలిసినవాళ్లు మాత్రం ఎక్కువమంది కొల్లేటి గట్ల మీదే ఉన్నారు. వాళ్ల అనుభవం మన పెరటి కొలనుకు ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ పనికిరాదు?

కోయి చేప జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. నీరసంగా కదిలేదాన్నే కొంగ ముందుగా పట్టుకుంటుంది కాబట్టి, ఒంట్లో బాగాలేకపోయినా గుంపుతోపాటు తిరగడం దాని స్వభావం. అందుకే ఒంటి మీద పుండు మన కంటపడేసరికి జబ్బు లోలోపల బాగా ముదిరి ఉంటుంది. ముందుగా దొరికే ఆనవాళ్లన్నీ దాని నడవడికలోనే ఉంటాయి. మేత వేయగానే ఎగబడి వచ్చే గుంపులో ఒకటి వెనకబడుతుంది. వచ్చినా గింజను నోట్లోకి తీసుకుని ఊసేస్తుంది. రెక్కలు ఒంటికి అంటించుకుని ఓ మూల నిలబడుతుంది. ఉన్నట్టుండి పక్కకి వాలి, అడుగున నేలకో గోడకో ఒళ్లు రాసుకుని, తళుక్కున మెరిసి వెళ్తుంది. ఆ మెరుపును చాలామంది ఆట అనుకుంటారు. ఆట కాదు, దురద.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఒక్క చేపకే బాగాలేదా, అన్నిటికీ బాగాలేదా? అన్నీ ఒకేసారి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే తప్పు నీళ్లలో ఉంది. ఒకదాని తర్వాత ఒకటి, రోజుల తరబడి ఒళ్లు రాసుకుంటుంటే పురుగుల్ని అనుమానించాలి. ఒక్కదానికే పుండు పడి మిగతావి మామూలుగా తిరుగుతుంటే దెబ్బ తగిలి, ఆ దెబ్బలోకి బాక్టీరియా చేరి ఉండొచ్చు. నాలుగైదు రోజుల్లో వరసగా చచ్చిపోతుంటే అది వేరే సంగతి, దాని దగ్గరకి తర్వాత వద్దాం.

కొంపల్లి దగ్గర మా మేనకోడలి ఇంటి వెనక కొలనులో పై మూడూ కలిసి వచ్చాయి. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 4.5 అడుగుల లోతున్న కొలను అది. అందులో 9 కోయిలు. వాటిలో ఒకటి తెల్లటి ఒళ్లూ, నుదుటి మీద ఒకే ఒక్క ఎర్రటి గుండ్రటి మచ్చా ఉన్న చేప. ఆ రకాన్ని జపాన్‌లో తాంచో అంటారు. ఇంట్లో పిల్లలు దాన్ని బొట్టు అని పిలుస్తారు. మే నెలలో గాలివాన వచ్చి కాలనీలో కరెంటు పోయింది, రాత్రంతా రాలేదు. తెల్లారాక పంపు మళ్లీ తిరిగింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. అందరూ ఆ సంగతి మర్చిపోయారు. వారం తిరిగేసరికి రెండు మూడు చేపలు గోడకు ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత బొట్టుకి డొక్క పక్కన పొలుసులు రేగి, ఎర్రగా పుండు లేచింది.

దుకాణంలో అడిగితే ఓ నీలం మందు సీసా, ఓ యాంటీబయాటిక్ పొడి పొట్లం ఇచ్చారట. మేం వెళ్లేసరికి రెండూ మూత తీయకుండా వంటింటి గట్టు మీద ఉన్నాయి. తొందరపడి నీళ్లలో కలపకుండా ఆగినందుకు మా మేనకోడల్ని మెచ్చుకోవాలి.

"తెల్లారగట్ల చూశావా?"

నాతోపాటు వచ్చింది మా బావగారు. ఆ అమ్మాయికి బాబాయి. ఆయనది కైకలూరు దగ్గర పల్లె. ఊహ తెలిసినప్పటినుంచీ చేపల చెరువుల మధ్యే ఉన్న మనిషి. బొచ్చె, శీలావతి, వాటితోపాటు కాస్త బంగారుతీగ పెంచుతారు. పెళ్లి పని మీద హైదరాబాద్ వచ్చినవారిని నేనే పట్టుకొచ్చాను. పుండు పడ్డ చేపను చూడమని పిలిస్తే ఆయన ముందుగా దాని వంకే చూడలేదు. చెప్పులు విడిచి గట్టు మీద గొంతుక్కూర్చుని, దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూశారు.

"ఏమ్మా, తెల్లారగట్ల పైకి తేలుతున్నాయా?"

"నేను లేచేసరికి ఏడవుతుంది బాబాయ్. అప్పటికి బానే ఉంటున్నాయి."

"ఏడింటికి చూస్తే ఏం తెలుస్తుంది తల్లీ. నాలుగున్నరకి చూడాలి."

ఆ ప్రశ్నలో చేపల రైతు అనుభవమంతా ఉంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 15 డిగ్రీల దగ్గర లీటరుకు 10 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టుకుంటాయి. అదే వేడికి చేపకు మాత్రం ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు, చీకటి పడ్డాక తనూ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అలా ఆక్సిజన్ రాత్రంతా తరుగుతూ పోయి, సూర్యోదయానికి ముందు అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. కొల్లేటి రైతులు టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరిగేది ఆ వేళకే. ముసురు పట్టిన రోజైతే నిద్రే ఉండదు. నగరంలో కోయిలు పెంచేవాళ్లలో ఆ వేళకు కొలను చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఆయన అడిగిన మిగతా ప్రశ్నలూ నీళ్ల గురించే. బోరువా, ట్యాంకరా? ఎప్పుడు మార్చారు? మేత ఎంత వేస్తున్నారు? ఫిల్టర్ ఎప్పుడు కడిగారు, ఏ నీళ్లతో కడిగారు? కొత్త చేప ఏదైనా వచ్చిందా? కరెంటు పోయిన రాత్రి సంగతి మా మేనకోడలికి అప్పుడు గుర్తొచ్చింది.

చేప మొప్పలనుంచి అమ్మోనియా ఎప్పుడూ నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. ఫిల్టర్‌లోని స్పాంజిల మీద, రాళ్ల మీద పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆ తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఆ బాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి. పంపు ఆగితే ఫిల్టర్‌లో నీళ్లు నిలిచిపోతాయి, కొన్ని గంటల్లో ఆ మేలుచేసే జీవులు చావడం మొదలవుతుంది. పొద్దున్నే పంపు తిరగ్గానే ఆ మురుగంతా కొలనులోకే వస్తుంది. పైకి నీళ్లు తేటగానే ఉంటాయి. అమ్మోనియాకు రంగు లేదు.

టెస్ట్ కిట్ తెప్పించి సాయంత్రం నాలుగింటికి చూశాం. అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము. పీహెచ్ 8.4. విడివిడిగా చూస్తే ఈ రెండంకెలూ ఎవర్నీ భయపెట్టవు. కలిపి చూడాలి. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే చేపకు విషం. ఆ విషం పాలు ఎంతన్నది పీహెచ్, వేడి కలిసి తేలుస్తాయి. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. అదే 8.4 దగ్గర నూటికి 17 పాళ్ల దాకా ఉంటుంది. అంటే కిట్‌లో అదే రంగు, అదే అంకె. ఒక ఇంట్లో చేపలు హాయిగా తిరుగుతుంటాయి, ఇంకో ఇంట్లో మొప్పలు కాలిపోతుంటాయి. పైగా నాచు పట్టిన కొలనులో పీహెచ్ పొద్దున తక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా ఉంటుంది. పొద్దున్నే పరీక్ష చేసి అంతా బాగుందనుకునేవాళ్లకు సాయంత్రం జరిగేది కనపడదు.

మొప్పలు, ఒంటి మీది జిగురు అలా దెబ్బతిన్న చేప మీదకే పురుగులు, బాక్టీరియా ఎక్కుతాయి. అవి కొత్తగా ఎక్కడినుంచో రానక్కర్లేదు. ప్రతి కొలనులోనూ కొద్దో గొప్పో ఉంటూనే ఉంటాయి. బాగున్న చేప వాటిని అదుపులో పెట్టుకుంటుంది, అంతే తేడా.

ఆ పూటే చేసిన పనులు మూడు. మేత పూర్తిగా ఆపేశారు. కోయి కొన్నాళ్లు తినకపోయినా దానికేమీ కాదు, తిననప్పుడు అమ్మోనియా వదలడమూ తగ్గుతుంది. నాలుగో వంతు నీళ్లు తీసి, ట్యాంకర్ నీళ్లలో క్లోరిన్ విరగడానికి హైపో కలిపి, మెల్లగా నింపారు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొనుక్కొచ్చి రెండు ఎయిర్‌స్టోన్లు వదిలారు. వీటిలో చేప మందు ఒక్కటీ లేదు. మర్నాడు పొద్దుటికి గోడకు రాసుకోవడం తగ్గకపోయినా, పైకొచ్చి నోళ్లు తెరవడం తగ్గింది.

జియోలైట్ బస్తా, ఉప్పు బస్తా

రైతు పద్ధతికీ, పెరటి కొలను పద్ధతికీ తేడా వచ్చింది ఇక్కడే. అమ్మోనియా అనగానే మా బావగారు జియోలైట్ తెప్పించమన్నారు. చేపల చెరువుల్లో, రొయ్యల చెరువుల్లో అది మామూలు. ఆ ఖనిజం అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. కానీ మా మేనకోడలు అప్పటికే ఉప్పు బస్తాలు తెప్పించి పెట్టుకుంది. మంచినీళ్లలో జియోలైట్ అమ్మోనియాను పట్టుకుంటుంది కానీ, ఉప్పు కలిపిన నీళ్లలో పట్టుకున్నదాన్ని తిరిగి వదిలేస్తుంది. రెండూ కలిపితే ఒక్కరోజులో విషం మళ్లీ మొదటికొస్తుంది. మర్నాడు వచ్చిన ఆక్వా ల్యాబ్ కుర్రాడు ఆ మాట చెప్పినప్పుడు మా బావగారు వాదించలేదు. "మా చెరువుల్లో ఉప్పు ఎవరేస్తారు బాబూ, ఎకరానికి ఎన్ని లారీలు కావాలి?" అన్నారు. నిజమే. ఎకరాల లెక్కలో ఆలోచించే మనిషికి ఉప్పు మందే కాదు.

పెరటి కొలనుకు మాత్రం ఉప్పు మంచి మందు. చేప రక్తంలో ఉప్పు శాతం దాదాపు మన రక్తంలో ఉన్నంత. చుట్టూ ఉన్న మంచినీళ్లలో ఉప్పు లేనట్టే. అందుకే నీళ్లు ఎప్పుడూ చేప ఒంట్లోకి చొరబడుతుంటాయి, మూత్రపిండాలు వాటిని ఎత్తి బయట పోస్తుంటాయి. చర్మం, పొలుసులు, జిగురు కలిసి ఆ చొరబాటును ఆపే గోడ. పుండు అంటే ఆ గోడకు పడ్డ కన్నం. పుండు పడ్డ చేప చాలాసార్లు బాక్టీరియా వల్ల కంటే, లోపలికొచ్చే నీళ్లను తోడలేక అలిసిపోయి చచ్చిపోతుంది. ఒళ్లు ఉబ్బి, పొలుసులు పైకి లేచి నిలబడితే ఆ తోడే పని చేతులెత్తేసిందని అర్థం. ఆ దశ దాటాక బతికేవి తక్కువ. నీళ్లలో వెయ్యి లీటర్లకు 3 కిలోల చొప్పున ఉప్పు కలిపితే లోపలికీ బయటికీ తేడా తగ్గి, చేపకు ఊపిరి పీల్చుకునే వెసులుబాటు దొరుకుతుంది. నైట్రైటు విషానికి కూడా ఉప్పే విరుగుడు. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటుకు అడ్డుపడుతుంది.

ఉప్పు ఒక్కసారిగా కుమ్మరించకూడదు. రెండు మూడు రోజులకు పంచుకుని, బకెట్లో కరిగించి పోయాలి. కొలనులో కలువలుంటే ముందే కుండీలతో సహా బయటికి తీయాలి, అవి ఉప్పు తట్టుకోలేవు. అన్నిటికంటే ముందు కొలను ఎన్ని లీటర్లో తెలియాలి. చాలా ఇళ్లలో ఇది తెలియదు. కట్టిన మేస్త్రీ 15 వేల లీటర్లన్నాడని అదే చెబుతుంటారు. ఒక ఘనపు అడుగుకు 28.3 లీటర్లు. మా మేనకోడలి కొలను 360 ఘనపుటడుగులు, అంటే 10 వేల లీటర్ల పైచిలుకు. ఉప్పు విషయంలో ఒకటిన్నర రెట్లు పడితే చేప తట్టుకుంటుంది. పొటాషియం పర్మాంగనేట్ లాంటి మందు ఒకటిన్నర రెట్లు పడితే మొప్పలు కాలిపోవచ్చు. ఆ మందు మోతాదు లీటరుకు 2 మిల్లీగ్రాములు, మొత్తం కొలనుకు కలిపినా 20 గ్రాములే. 15 వేల లీటర్లనుకుని 30 వేస్తే చేపల ప్రాణాల మీదకే రావచ్చు.

టబ్బులో బొట్టు

ల్యాబ్ కుర్రాడు ఫిషరీస్ డిగ్రీ చదివాడు, చెరువుల వాళ్లకు నీళ్లూ చేపలూ పరీక్ష చేసి పెడుతుంటాడు. మైక్రోస్కోపు భుజాన వేసుకుని వచ్చాడు. కోయిని పట్టడంలోనే సగం పనితనం ఉంది. వల వేసి గాల్లోకి ఎత్తకూడదు, ఆ బరువుకు రెక్కలు చిరుగుతాయి, వెన్ను దెబ్బతింటుంది. వెడల్పాటి, లోతు తక్కువున్న వలతో చేపను గోడ వారగా నెమ్మదిగా నడిపించుకొచ్చి, నీళ్లలోనే తేలుతున్న గిన్నెలోకి మళ్లించాడు. గిన్నెతో ఎత్తి నీలం టబ్బులోకి వదిలాడు. టబ్బులో నీళ్లు కొలనువే. వాటిలో లవంగ నూనె కలిపాడు. పంటి నొప్పికి పెట్టుకునే ఆ నూనెలోని యూజినాల్ చేపకు మత్తుమందు. చుక్కలు ఎక్కువైతే చేప మళ్లీ లేవదు కాబట్టి అది తెలిసినవాళ్ల చేతే జరగాలి.

మెల్లగా బొట్టు పక్కకు ఒరిగింది. మొప్పలు నింపాదిగా ఆడుతున్నాయి. కుర్రాడు చేతులు తడుపుకున్నాడు. పొడిచేయి తగిలితే జిగురు ఊడొస్తుంది. తడిగుడ్డ ఒకటి కంటి మీద కప్పాడు. గాజు పలక అంచుతో మొప్ప వెనకనుంచి తోకవైపు, పొలుసుల వాలు వెంబడి మాత్రమే, సుతారంగా ఒక్కసారి లాగాడు. వచ్చిన జిగురును ఇంకో పలక మీద రాసి, కొలను నీళ్ల చుక్క వేసి, పైన పల్చటి గాజు మూత పెట్టాడు.

"చూడండి సార్" అని నన్ను పిలిచాడు.

ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుండ్రటివి కనిపించాయి. ఒక్కోదానిలోనూ వలయంగా అమర్చిన పళ్లు. చర్రున తిరుగుతూ ఒక అంచునుంచి ఇంకో అంచుకు పోతున్నాయి. అవి ట్రైకోడినాలు. ఒకటీ అరా ఉంటే ఫర్వాలేదు, మా కళ్ల ముందు పలకంతా అవే. మధ్యలో మరొకటి. పొడవుగా సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్లీ సాగుతుంది. వెనక కొసకు రెండు పెద్ద కొక్కేలు. "దీని కడుపులో చూడండి" అన్నాడు. దాని ఒంట్లో ఇంకో చిన్న జత కొక్కేలు కనిపించాయి. గైరోడాక్టిలస్ అనే ఈ పురుగు గుడ్లు పెట్టదు, పిల్లనే కంటుంది. కడుపులో ఉన్న ఆ పిల్ల కడుపులోనూ అప్పటికే ఇంకో పిల్ల తయారవుతుంటుంది. అలాంటి పురుగు వారంలో ఎంత పెరుగుతుందో లెక్కేసుకోవచ్చు.

మొప్పల మీద బతికే డాక్టిలోజైరస్ అనే దాని అన్న మాత్రం గుడ్లే పెడుతుంది. ఆ గుడ్లను మందు ఏమీ చేయలేదు. అందుకే ప్రాజిక్వాంటెల్ ఒకసారి వేసి ఊరుకుంటే పది రోజుల్లో మళ్లీ దురద మొదలవుతుంది. గుడ్లు పొదిగాక రెండోసారి, అవసరమైతే మూడోసారి వేయాలి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు తెచ్చే ఇక్‌ది ఇంకో తీరు. అది చేప చర్మం కింద ఉన్నంతసేపూ ఏ మందూ తగలదు. విడిపోయి, అడుగున పొదిగి, కొత్త చేపను వెతుక్కుంటూ ఈదే కొన్ని గంటల్లోనే దాన్ని చంపగలం. మన వేసవి నీళ్లలో ఆ చక్రం మూణ్నాలుగు రోజుల్లో తిరుగుతుంది. చలిదేశాల్లో వారాలు పడుతుంది. అమెరికాలో పెరటి కొలను ఉన్న మనవాళ్లు ఇక్కడి బంధువులు చెప్పిన లెక్కతో మందు వేస్తే పని చేయనిది ఇందుకే.

పలక చూడకుండా ఇవేవీ తెలియవు. కంటికి కనిపించేది ఒకటే దురద. గైరోడాక్టిలస్‌కు పనిచేసే ప్రాజిక్వాంటెల్ ట్రైకోడినాను ఏమీ చేయదు. మందు వేయడానికి ముందు మైక్రోస్కోపు కింద పలక పెట్టడం అన్నది నగరంలో ప్రతి కోయి యజమానీ పట్టుబట్టాల్సిన విషయమని నా గట్టి నమ్మకం. కైకలూరు, భీమవరం వైపు ఆ సౌకర్యం మామూలు విషయం. లక్షలు పోసి కోయిలు కొనే హైదరాబాద్‌లో దానికోసం వెతుక్కోవాల్సి రావడం బాధగా ఉంటుంది.

పలకలు చూశాక కుర్రాడు పుండు దగ్గరకొచ్చాడు. పొలుసులు పోయినచోట అంచు ఎర్రగా, నడుమ కండ తెల్లగా కనిపిస్తోంది. వదులైన రెండు పొలుసులు పట్టకారుతో తీశాడు. దూదిపుల్లతో మురికి తుడిచాడు. పల్చగా కలిపిన పోవిడోన్ అయోడిన్ అద్ది, నీళ్లకు కరగని పేస్టుతో మూశాడు. ఇదంతా నీటి బయట రెండు నిమిషాల్లోపే. నడుమ నడుమ మొప్పల మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు. తర్వాత మంచి నీళ్లలోకి మార్చి, నోరు ముందుకు ఉండేలా పట్టుకుని అటూ ఇటూ నడిపించాడు. బొట్టు ఒకసారి తోక కొట్టింది, కుర్రాడి చొక్కా తడిసిపోయింది.

తను చేతి తొడుగులు వేసుకునే ఇదంతా చేశాడని చెప్పాలి. చేపల్లో ఉండే ఒక రకం మైకోబాక్టీరియా మన చేతి మీద గీతలోంచి లోపలికెళ్తే, మానని పుండ్లు తెస్తుంది. వేళ్లకు తెగిన గాయాలుంటే కొలనులో చేయి పెట్టకూడదు, పిల్లల్ని అసలు పెట్టనివ్వకూడదు.

బొట్టును విడిగా ఉంచాలా అన్న చర్చ చాలాసేపు నడిచింది. పుండున్న చేపను వెంటనే టబ్బులో పెట్టాలని అందరూ అంటారు. కానీ చిన్న టబ్బులో, ఫిల్టర్ లేకుండా, ఒంటరిగా పెడితే రెండోరోజుకే అమ్మోనియా పెరిగి చేప ఇంకా నలిగిపోతుంది. కోయి గుంపులో బతికే ప్రాణి. పురుగులు కొలనంతా ఉన్నప్పుడు, నీళ్లు బాగు చేశాక, దాన్ని గుంపులోనే ఉంచడం మంచిదన్నాడు కుర్రాడు. నాకూ అదే సరైనదనిపించింది. మందు మొత్తం కొలనుకే వేశారు. పుండును నాలుగైదు రోజులకోసారి చూసి శుభ్రం చేశారు. వేసవి వేడి అంత కష్టం తెచ్చినా, ఇక్కడ మేలు చేసింది. చేప ఒంటి వేడి నీటి వేడితోనే నడుస్తుంది కాబట్టి వెచ్చటి నీళ్లలో గాయం త్వరగా మానుతుంది. నెల తిరిగేసరికి గుంత పూడి, చుట్టూ గులాబీ రంగు పొర వచ్చింది. పొలుసులు ఇంకా సరిగా రాలేదు, వచ్చినా వరస తప్పే వస్తాయేమో.

విప్పని పొట్లం

ఆ యాంటీబయాటిక్ పొట్లం సంగతి. నీళ్లలో కలిపిన యాంటీబయాటిక్ చేప ఒంట్లోకి చేరేది బహు తక్కువ. ఫిల్టర్‌లో మేలుచేసే బాక్టీరియా మీద మాత్రం దెబ్బ పడుతుంది, దాంతో అమ్మోనియా మళ్లీ లేస్తుంది. పుండుకు సాధారణంగా కారణమయ్యే ఏరోమోనాస్ బాక్టీరియా చాలా మందులకు లొంగకుండా తయారైందని ప్రపంచమంతా చూస్తున్నారు. పుండు లోతుగా పోయి, చేప తిండి మానేస్తే, దూదిపుల్లతో నమూనా తీసి ఏ మందుకు లొంగుతుందో ల్యాబ్‌లో తేల్చుకుని, పశువైద్యుల చేత ఇంజెక్షన్ వేయించాలి. చేపల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకం మన దేశంలో నిషిద్ధం. తినే చేప కాదు కదా అని పెరటి కొలనులో ఏదైనా పోయొచ్చనుకోవడం అన్యాయం. ఆ నీళ్లు చివరికి కాలువలోకే పోతాయి.

చేప పేను గురించి మా బావగారికి తెలిసినంత ఆ కుర్రాడికీ తెలియదు. ఆర్గులస్ అనే ఈ పేను పెసరబద్దంత ఉంటుంది, చదునుగా, గాజులా ఉండి పొలుసు మీద పొలుసులా అతుక్కుపోతుంది. కదిలితేనే కనిపిస్తుంది. ఆయన బొట్టును టబ్బులో చూడగానే ముందు రెక్కల మొదళ్లు వెతికారు. అక్కడే నక్కుతుందట. గట్టు రాళ్ల మీద, పైపుల మీద వరసలుగా గుడ్లు పెడుతుంది కాబట్టి గోడలు కూడా తడిమి చూశారు. లేదు. ఉంటే ఏం చేస్తారని అడిగితే, తమ దగ్గర వాడే పురుగుమందు పేరు చెప్పారు. అది ఎకరాల చెరువులో కొలిచి చల్లేది. 10 వేల లీటర్ల కొలనులో ఒక మూత తేడా వస్తే చేపలన్నీ పోతాయి. పేను పెంకు మార్చుకోకుండా ఆపే డైఫ్లూబెంజురాన్ లాంటివి పెరటి కొలనులకు మేలు.

బంగారుతీగకు బంధువు

కోయి రాజుగారి తోట చేపలా కనిపిస్తుంది కానీ పుట్టింది వరిపొలాల్లో. జపాన్‌లో నీగాటా ప్రాంతపు యమకోషి కొండ ఊళ్లలో, చలికాలం తిండికోసం మడుల పక్క గుంటల్లో పెంచిన కార్పు చేపల్లో 19వ శతాబ్దపు తొలినాళ్లలో రంగు పిల్లలు పుట్టాయి. రైతులు వాటిని తినకుండా దాచి, జతకట్టించారు. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టాకే మిగతా జపాన్‌కు వాటి సంగతి తెలిసింది. 2004 అక్టోబరు 23న వచ్చిన భూకంపానికి ఆ కొండల్లో చెరువులు కొట్టుకుపోతే, మిగిలిన చేపలను హెలికాప్టర్లలో తరలించారు.

ఆ కార్పు కుటుంబానిదే మన బంగారుతీగ కూడా. 1939లో నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్‌నుంచి కటక్‌కు ఇంకో రకం వచ్చి, అక్కడినుంచి మన చెరువుల్లోకి చేరాయి. ఈ చుట్టరికంలో మంచీ ఉంది, చెడూ ఉంది. 1988లో మన దేశంలోకి వచ్చి కొర్రమీనుల్ని పుండ్లతో చంపిన ఈయూఎస్ వ్యాధి కార్పు జాతికి పెద్దగా అంటదు. కాబట్టి కోయికి పుండు పడగానే అదే అని బెదిరిపోనక్కర్లేదు. కానీ కోయి హెర్పిస్ వైరస్ కోయిని ఎంత చంపుతుందో బంగారుతీగనూ అంతే చంపుతుంది. 1998లో ఇజ్రాయెల్‌లో, అమెరికాలో బయటపడిన ఆ జబ్బు, 2003లో జపాన్ కసుమిగౌరా సరస్సులో వెయ్యి టన్నులకు పైగా పెంపకపు కార్పును పొట్టనబెట్టుకుంది. నీటి వేడి సుమారు 16 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు విజృంభిస్తుంది. హైదరాబాద్ చలికాలం సరిగ్గా ఆ కొలతలోనే ఉంటుంది. కళ్లు లోపలికి పోవడం, మొప్పల మీద తెల్లటి కుళ్లు మచ్చలు, వరసగా చావులు దాని గుర్తులు. మందు లేదు. బతికి బయటపడ్డ చేప కూడా వైరస్‌ను మోస్తూనే ఉంటుంది.

నిద్రజబ్బు అని పిలిచే కార్ప్ ఎడిమా వైరస్ మన దేశపు కోయిల్లో ఉన్నట్టు 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. చేపలు అడుగున పక్కకు ఒరిగి పడుకుంటాయి, తడితే లేచి ఈది మళ్లీ పడుకుంటాయి. దానికి నీళ్లలో అర శాతం ఉప్పు, నిండా గాలి పెట్టి చాలావాటిని కాపాడుకోవచ్చు.

అందుకే కొత్తగా కొన్న చేపను మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో, వేరే వలతో ఉంచాకే కొలనులోకి వదలాలి. అనుమానంగా చేపలు చస్తుంటే ప్రాణంతో ఉన్న రోగి చేపను ఆక్సిజన్ కవర్లో ల్యాబ్‌కు పంపాలి, లేదా అప్పుడే చచ్చినదాన్ని ఐసులో పెట్టి పంపాలి. వెచ్చటి నీళ్లలో పూటంతా తేలిన చేప పరీక్షకు పనికిరాదు. కేంద్రం 2023లో తెచ్చిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ యాప్‌లో తెలియజేయొచ్చు, జిల్లా మత్స్యశాఖ వాళ్లకు చెప్పొచ్చు. బతకదని తేలినదాన్ని జాలితో ఊరి చెరువులో వదిలేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. ఆ నీళ్లనుంచి ఎవరి చెరువుకు ఏది చేరుతుందో చెప్పలేం. చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఆ స్థానం వెనక మా బావగారి లాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

ల్యాబ్ కుర్రాడు వచ్చి వెళ్లిన సాయంత్రం, బయల్దేరేముందు మా బావగారు పెరటి పంపు దగ్గర మోచేతులదాకా సబ్బు పెట్టి కడుక్కున్నారు. చెప్పుల అడుగులు పర్మాంగనేట్ నీళ్లలో ముంచారు. వేసుకున్న లుంగీ, చొక్కా విప్పి కవర్లో కట్టి మా మేనకోడలి చేతికిచ్చారు.

"ఇవి ఇక్కడే ఉతికి ఎండలో ఆరేయ్ తల్లీ. తర్వాత ఎవరైనా వస్తే పంపుదువుగాని."

"ఇది పురుగే కదా బాబాయ్, వైరస్ కాదని చెప్పాడుగా ఆ అబ్బాయి."

"చెప్పాడమ్మా. పలకలో కనపడింది చెప్పాడు. కనపడనిది ఎవరు చెబుతారు? నా చెరువులో బంగారుతీగ ఉంది." నావైపు తిరిగి, "వారం దాకా నేను నీళ్లలో దిగను బావా. వల లాగేది ఉంటే కుర్రాళ్లకి ఫోన్లోనే చెబుతా" అన్నారు.